ఈశాన్యం మూల

ఏడు మోటార్లు పెట్టి పదకొండు రోజులు తోడితే
పునాది తేలింది.
ఐదు వానాకాలాల నీళ్లు వెళ్తూ వెళ్తూ
కాంక్రీటు మీద జమ్ము వేళ్లనీ, ఒంటి రబ్బరు చెప్పునీ,
నోళ్లు తెరిచిన కొరమీనుల్నీ వదిలిపోయాయి.
సిమెంటు సంచిలో ఏరుకొచ్చి
ఏసుమణి ఆ పూట పులుసు పెట్టింది.
సెక్రటేరియట్ పులుసని పిల్లలు పేరు పెట్టారు.

మా పని తుప్పు రాల్చటం.
ఇనప బ్రష్షుతో మనిషికి రోజుకి వంద ఊచలు.
మిరప కోతలప్పుడూ చేతులు ఇట్టాగే ఎర్రబడేవి,
అప్పుడు తుమ్ములు,
ఇప్పుడు దగ్గు.

ఈ నేలపాడు గడ్డ నాకు తెలుసు. నాది కాదు.
నా పేరున సెంటు లేదు గనక ప్లాటూ లేదు.
లాటరీ తీసిన రోజు నేను టీ గ్లాసులు కడిగాను.
అయినా తెలుసు.
ఇక్కడ దొండ పందిరి. అదిగో అక్కడ మల్లెతోట,
బెజవాడ మొదటి బస్సుకి బుట్ట అందించాలని
తెల్లారి మూడింటికి
తలకి లైటు కట్టుకుని మొగ్గ కోసేవాళ్లం.
ఆ క్రేను నిలబడ్డ చోటే
మా పెద్దాడు కడుపులో మొదటిసారి తన్నాడు.

ఈశాన్యం మూల మాత్రం ఆరదు.
ఎంత తోడినా పొద్దున్నకి చీలమండ లోతు.
కడప నుంచి వచ్చిన చిన్న ఇంజనీరు
గొడుగు కింద లాప్‌టాప్ పెట్టుకుని
గీతల్ని పెద్దవి చేసి చూస్తాడు, చిన్నవి చేసి చూస్తాడు.

"బాబూ, అక్కడో పాయ ఉండేది.
కొండవీటి వాగు పొంగితే ముందు అక్కడికే వచ్చి పడుకునేది.
పూడ్చారు గానీ, ఆ మాట దానికెవరూ చెప్పలేదు."

"ఈశాన్యంలో నీళ్లు మంచిదేలే, వాస్తు"
మేస్త్రీ నవ్వాడు.
ఇంజనీరు నవ్వలేదు.
"ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా?" అన్నాడు.

బ్రష్షు చేత్తోనే లేచాను.
పందిరి గుంజ ఉండాల్సిన చోటు నుంచి
పదహారు అడుగులు లెక్కపెట్టాను.
ఆ తర్వాత లెక్క మానేసి
పాదాలు ఎటంటే అటు.
వెనకాలే అతను డొక్కుతో ముగ్గు పోస్తూ వచ్చాడు.

తిన్నగా నిలబడ్డ ఊచల మధ్య
తెల్లగా, వంకర టింకరగా,
ఒళ్లు విరుచుకుంటున్నట్టు ఒక గీత.

"పేరేంటమ్మా?" జేబులోంచి పెన్ను తీశాడు.
చెప్పాను.
అప్పుడే మోటారు వేశారు.
ఏమని రాసుకున్నాడో తెలీదు.

ఇంకా ముప్ఫై నాలుగు ఊచలు మిగిలాయి.