గాలి దక్షిణం నుంచి వీస్తే

శనివారం రాత్రి ఏడు దాటితే
పద్నాలుగో గదిలో రిమోట్ నా చేతిలో పెడతాడు వెర్లిన్ స్టకీ.
"ఓసారి వెతుకు" అంటాడు,
పోయిన వారం వెతకనట్టే.

రెండొందల పన్నెండు చానెళ్లు.
గోల్ఫ్ వస్తోంది. గడ్డికి నిద్రాభంగమని కాబోలు,
వ్యాఖ్యాత గుసగుసలాడుతున్నాడు.
పేకాట వస్తోంది, నల్లకళ్లద్దాలు పెట్టుకుని.
చేపను పట్టి, ముద్దుపెట్టి, మళ్లీ నీళ్లలో వదిలేసే ఆయనొస్తున్నాడు.
చెక్క కన్నంలోకి గింజల సంచులు విసిరే ఆటక్కూడా
స్లో మోషన్ ఉంది,
విడమరిచి చెప్పడానికి ఇద్దరు పండితులున్నారు.

ఇక్కడికి మూడు మైళ్లలో
బ్రాక్‌వెల్ కౌంటీ సంత మైదానంలో
ట్యాంకరు నల్లరేగడిని తడిపి వెళ్లిపోయి ఉంటుంది.
ఇరవై నాలుగు కార్లు, నెత్తిన రేకు రెక్కలతో.
స్టార్టరుండదు వాటికి,
వెనక నుంచి ట్రక్కు తోస్తే దగ్గి లేస్తాయి.
పదిహేడో నంబరు ఈయన మనవరాలు డెలేనీది.
దాని చట్రానికి అతుకులేసింది ఈ చేతులే,
ఇప్పుడు చెంచా నిలవని ఈ చేతులే.

అది ఏ చానెల్లోనూ లేదు.

అసలెప్పుడూ రాలేదని కాదు.
రోలీ హేవర్‌క్యాంప్ కారు మూడో మలుపులో కంచె దాటిన ఏడు
పక్క రాష్ట్రం నుంచి కూడా కెమెరాలొచ్చాయి.
పన్నెండు సెకన్లు.
పేరు తప్పు పలికారు.
వెంటనే వాతావరణం.
అంతకుముందు పంతొమ్మిదేళ్లు
ప్రతి శనివారం రాత్రి రోలీ బతికే ఇంటికి చేరాడు.
అది వార్త కాదు.

మట్టి టీవీకి నప్పదట.
ఎవరో వచ్చి చూసి వెళ్లారని డెలేనీ చెప్పింది.
కెమెరా అద్దాలు నిమిషంలో మూసుకుపోతాయట,
దీపాలు చాలవట,
వానొచ్చి ఆట ఆగితే ప్రకటనలవాళ్లకేం చెప్పాలట.
నెలకి ముప్పై డాలర్లు కడితే ఫోన్లో పెద్ద ట్రాకులు చూపిస్తారు.
మాది ఆ ముప్పైలో లేదు.
మావాళ్లు తినే నాచోస్ మీద మట్టిపెళ్ల పడితే
ఊదుకుని తింటారు.
దాన్నెలా చూపిస్తారులే.

అందుకని టీవీ నోరు నొక్కేసి కిటికీ తెరుస్తాను.
తెరవకూడదని గోడమీద రాసే ఉంది.
గాలి దక్షిణం నుంచి వీచే రాత్రి
ముందు మొక్కజొన్న చేల గలగల,
తర్వాత దాని అడుగు నుంచి
కందిరీగల తుట్టె కదిలినట్టు.
వెర్లిన్ కళ్లు మూసుకుంటాడు.
"గోడవారకి పోతోంది" అంటాడు.
"కాలు తీయకు, తీయకు" అంటాడు.
"తీసింది" అంటాడు, చప్పబడి.
నాకంతా ఒకటే రొద.
ఆయనకందులో ఒక గొంతుంది,
బడి విడిచిన గుంపులో తన పిల్లని పోల్చుకున్నట్టు.

పోయిన శనివారం
అన్ని ఇంజన్లూ ఒక్కసారే ఆగిపోయాయి.
ఎర్రజెండా అన్నమాట.
చేల గలగల మిగిలింది.
ఆయనేమీ అనలేదు. నేనే రిమోట్ తీసుకుని
వెతికాను, ఎందుకో, రెండొందల పన్నెండూ.
గోల్ఫ్‌లో ఎవరో గెలిచారు.
చేప మళ్లీ నీళ్లలోకి పోయింది.
పది గంటల వార్తలు మొదలయ్యేసరికి
ఇద్దరం ఊపిరి బిగబట్టి కోరుకున్నది ఒక్కటే:
మా ఊరు టీవీలో కనబడకూడదు.

పదకొండున్నరకి వంటింటి తలుపు తీశాను.
చెవుల్లో కూడా మట్టితో డెలేనీ.
ఎనిమిదో స్థానం.
కంచెకి కొట్టుకున్నది వేరే కుర్రాడట,
భుజం విరిగింది, తిట్టే ఓపిక ఉందట.

హెల్మెట్ అద్దం మీద పొరలుగా అంటించుకుంటారు చూడండి,
మట్టి కమ్మినప్పుడల్లా ఒకటి లాగి పారేస్తారు,
అలాంటి పల్చటి ప్లాస్టిక్ రేకు ఒకటి
జేబులోంచి తీసి తాతకిచ్చింది.
ఆయన దాన్ని వణుకుతూ వణుకుతూ
టీవీ అద్దానికి అంటించాడు.
"ఇది రెండో మలుపు" అన్నాడు ఒక మరక మీద వేలుంచి.
"ఇక్కడ నీ ముందున్నవాడు జారాడు."
"నీకెలా తెలుసు?" అందామె.
వెనకాల ఎవరో నోరు కదుపుతూనే ఉన్నాడు.

పొద్దున్నే టీవీ తుడవడం నా పని.
చుట్టూ తుడిచాను.