ఆగితే పది

యాభై సీసీల ఇంజను, మూడు చక్రాలు, ఒక్కటే సీటు.
దాని పేరు తేనెటీగ, కంపెనీవాళ్ళు పెట్టిందే.
మా వీధి కుర్రాళ్ళు మాత్రం దగ్గుల డబ్బా అంటారు.
ముప్పై ఏళ్ళు ద్రాక్ష గంపలూ ఎండుమిరప దండలూ మోసింది
గాడిదలా.
గాడిదకున్న పట్టింపులన్నీ దానికీ ఉన్నాయి:
వానలో కదలదు,
పరాయి చెయ్యి పడితే అసలే కదలదు.

ఏడు బళ్ళు, ఏడుగురం.
బసిలికాతా కొండల్నుంచి తొరీనో దాకా
పెద్ద రోడ్డు ఎక్కనివ్వరు కాబట్టి
చిన్న రోడ్లమ్మట పదమూడు వందల కిలోమీటర్లు.
కిలోమీటరుకి ఇంతని ఊరంతా రాసిచ్చింది.
రొట్టెల కొట్టు అరిస్తీదె అర యూరో,
ఫాదరుగారు అందులో సగం, ప్రార్థన అదనం.
కసాయి రొక్కో గడ్డం గోక్కుని
"వెళ్ళినందుకు ఇవ్వను ఎర్సీలియా, ఆగినందుకిస్తా.
నీ బండి చెడి ఆగిన ప్రతిసారీ పది" అన్నాడు.
కొట్లో అందరూ నవ్వారు.
నేను పుస్తకంలో రాసుకున్నాను.

డబ్బు ఒక వ్యాను కోసం.
మా మిట్టమీది ఊళ్ళనుంచి వారానికి మూడుసార్లు
రక్తం కడిగించుకోడానికి పొతెన్జా వెళ్ళేవాళ్ళకి
వెనక్కి వాలే సీట్లున్న వ్యాను.

ఎక్కుడులో మాది నడకకన్నా రవ్వంత వేగం.
అబ్రుజ్జోలో ఒక గొర్రెలకాపరి నా కిటికీ పట్టుకుని
పక్కనే నడుస్తూ
కోడలి మీద చాడీలన్నీ చెప్పి
పై మలుపులో సెలవు తీసుకున్నాడు.
క్లచ్చి తీగ తెగింది, పది.
ప్లగ్గు పోయింది, పది.
పెట్రోలు పోయించడం మర్చిపోయాను,
అది లెక్కలోకి రాదని వాళ్ళు, వస్తుందని నేను.
ఐదోసారికి అలవాటైపోయింది:
నా ఇంజను దగ్గడం ఆలస్యం, వెనకబళ్ళలో చప్పట్లు.
"పది!" అని అరుస్తాడు తాంక్రెది,
మాలో అందరికన్నా చిన్నవాడు, అరవై ఒకటి.
ఫాయెంజా దాటాక చూస్తే ప్లగ్గు వైరు దానంతటదే ఊడి ఉంది,
తాంక్రెది వేళ్ళకి మసి ఉంది.
నేనేమీ అడగలేదు.
పుణ్యానికి పోయేదారిలో
ఆ మాత్రం పాపం చక్రానికి గ్రీజు లాంటిది.

తొరీనోలో మాకోసం ఎవరూ నిలబడి లేరు.
ఒక ట్రాము డ్రైవరు గంట కొట్టాడు,
దారికి అడ్డమనో, శుభమనో.
తాంక్రెది బండికి పోలీసు చలానా రాశాడు.

తిరిగొచ్చాక రొక్కో చేతులు తుడుచుకుని
పుస్తకం వేలుపెట్టి చదివాడు.
"మొదటిరోజు, ముప్పై ఒకటో కిలోమీటరు.
కారణం రాయలేదేం?"
"ఆగాను."
"బండికేమైంది?"
"ఏం కాలేదు."

పైన్ చెట్లు అయిపోయే మలుపు అది.
వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు,
పిండేసిన గుడ్డలా అయ్యాక
వీతో అక్కడే కారు ఆపమనేవాడు.
తలుపు తీసి, కాళ్ళు రోడ్డు మీద పెట్టి,
తల మోకాళ్ళ మధ్యకి వంచేవాడు.
డ్రైవరు గడియారం చూసుకునేవాడు.
నేను వీతో మెడ వెనక మచ్చ చూస్తూ కూచునేదాన్ని.
నాలుగేళ్ళు. అటు లోయ ఉందని
ఇద్దరం ఒక్కసారీ చూళ్ళేదు.
ఆవేళ ఇంజనాపి, దిగి చూశాను.
పెద్దగా ఏమీ లేదు.
ఒక సిమెంటు గొట్టం, గోడ కూలిన కొట్టం,
ఎవరో ఆరేసిన ఎర్ర దుప్పటి.
గాలికి దుప్పటి రెండుసార్లు లేచింది.
మళ్ళీ ఎక్కాను.

ఇదంతా రొక్కోకి చెప్పలేదు.
"చెడలేదుగా, లెక్కలోకి రాదు" అన్నాడు.
"రాదు" అన్నాను.
నా పర్సులోంచి పది తీసి డబ్బాలో వేశాను.
తక్కిన తొమ్మిదింటికీ తొంభై లెక్కపెట్టాడు,
నోట్లకి మాంసం వాసన.

బయట చినుకులు. తేనెటీగ కదల్లేదు.
రొక్కో ఏప్రనుతోనే వచ్చి వెనకనుంచి తోశాడు,
దీనికి మాత్రం పైసా ఇవ్వనని
ముందే గట్టిగా చెప్పి.