మూతపడే చప్పుడు

స్టెతస్కోపులు మెడల్లోనే ఉండనివ్వండి.
ఫ్యాను ఆపు, హిమజా.
కలెక్టరాఫీసు రోడ్డు హారన్లు రాకుండా
ఆ కిటికీ ఎవరైనా మూయండి.
ఇప్పుడు మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి
ఊరికే వినండి.

వినిపించిందా?
చవకరకం చేతిగడియారం తలగడ కింద పెట్టినట్టు
టిక్కు... టిక్కు...
మీ పుస్తకంలో 'లబ్' అని ఉన్నచోట
ఈవిడ గుండెలో బొగ్గు మాట్లాడుతోంది.
అవును, బొగ్గే.
ఆవిరిలోంచి పొరలు పొరలుగా పేర్చి
అద్దంలా నునుపు తేల్చిన బొగ్గు.
నెత్తురుకి గరుకు తగలకూడదు,
తగిలితే అక్కడే గూడు కడుతుంది.

గుడ్డ కుట్టిన ఉంగరం, లోపల రెండు అరచందమామలు.
అంతే. మోటారు లేదు, బ్యాటరీ లేదు.
(చార్జింగ్ ఎలా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.
నవ్వకండి, ఒకప్పుడు నేనూ అడిగాను.)
వెనక ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది,
ముందు ఒత్తిడి పెరిగితే మూతపడుతుంది,
షిప్‌యార్డులో డ్రైడాక్ తలుపుని సముద్రమే నొక్కిపట్టినట్టు.
రోజుకి లక్షసార్లు.
మూసినా కాస్త కారుతుంది. అది లోపం కాదు,
మడతబందుల సందుల్లో నెత్తురు నిలవకుండా
చేసినవాళ్లే వదిలిన కారుడు.

ఈవిడ వాసుపల్లి మసేనమ్మ.
హార్బరులో చేపలు పాడి, గంపలో బేరం చేస్తుంది.
చిన్ననాటి గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లవాపు,
ఆ తర్వాత ఎవరూ చూడని పదిహేనేళ్లు.
కవాటం 'చేపనోరులా' బిగుసుకుందని నేను చెబితే
"ఏ సేపమ్మా?" అని అడిగింది.
నాకు జవాబు తెలీలేదు.

పశువు గుండెపొరతో కుట్టిన కవాటమూ ఉంది.
చప్పుడు చెయ్యదు, జీవితాంతం మాత్ర అడగదు.
కానీ ఈ వయసులో తొందరగా సున్నం పట్టి చిట్లుతుంది.
"మల్లీ కోతంటే నావల్ల కాదు, ఒక్కపాలే అయిపోవాల" అంది.
అందుకే బొగ్గు. బొగ్గు కాబట్టి వార్ఫరిన్.
మళ్లీ కడుపొస్తే ఆ మాత్ర బిడ్డకి చెరుపు,
దాని సంగతి ఇంకో రోజు.

నిరుడు మే నెలలో ఒక రాత్రి
తల్లి రొమ్ము మీద చెవి ఆన్చి పడుకునే నూకరత్నం,
తొమ్మిదేళ్ల పిల్ల,
లేచి కూర్చుని
"అమ్మా, నీ గడియారం మెత్తబడిపోనాది" అంది.
ఆయాసం ఇంకా రాలేదు.
పక్కింటి ఆటోలో ఇక్కడికి లాక్కొచ్చింది.
డ్యూటీ కుర్రాడు ఫోన్ చేస్తే
'పొద్దున చూద్దాం' అన్నది నేనే.
పిల్ల గుమ్మం కదల్లేదట.

పొద్దున ఎక్స్‌రే తెరమీద చూస్తే
ఒక చందమామ ఆడుతోంది,
రెండోది నిలిచిపోయింది.
కరిగించే మందు పగలంతా చుక్కచుక్కగా ఎక్కించాం,
ముక్క విరిగి మెదడుకి పోతే ఏమవుతుందో తెలిసీ.
చీకటి పడ్డాక టిక్కు తిరిగొచ్చింది.
మానిటర్ కన్నా ముందు పిల్ల చెప్పింది.

ఐఎన్ఆర్ ఒకటి పాయింట్ మూడు.
కార్డు మీద నా రాత: 'మాత్ర మానరాదు'. కింద రెండు గీతలు.
"మానలేదమ్మా, సగం సేసినాను."
వేట నిషేధం. పడవలు కట్టేశారు,
పాటల్లేవు, గంప బోర్లించి ఉంది.
మాత్ర ఖరీదు కాదు.
రక్తపరీక్షకొస్తే కూలికి దొరికిన రోజొకటి పోతుంది.

రాసుకోండి.
ఈ కవాటానికి ఐఎన్ఆర్ రెండున్నర నుంచి మూడున్నర.
దాని కిందే రాయండి: ఏప్రిల్ పదిహేను.
ఎందుకో తెలియనివాళ్లు ఆ రోజు హార్బరుకి వెళ్లి
కట్టేసిన పడవలు లెక్కపెట్టి రండి.

సరే, ఇప్పుడు స్టెత్ తియ్యండి.
అరచేతిలో వెచ్చబెట్టి పెట్టండి,
మీకోసం ఈపూట బేరం మానుకుంది.
పిల్ల బయట బెంచీ మీద ఉంది.
మీరు విన్నది సరో కాదో
పిలిచి దిద్దించుకోండి.