చలవ

తాళ్ళరేవు ఆసుపత్రిలో కరెంటు పోయి
ఇది మూడో గంట.
బయట వాన. మడ అడవి మీంచి
ఉప్పువాసన మోసుకొచ్చే ఏటవాలు వాన.
ఫ్రిజ్ మూత తీయకూడదు, తెలుసు.
అయినా దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను
పిల్లకి జ్వరం చూసినట్టు.

రెండు డిగ్రీల నించి ఎనిమిది దాకా.
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి,
పదకొండేళ్ళుగా నా చేతిరాతంతా
ఆ రెండంకెల మధ్యే.

మా నూకాలు మామ్మ చెప్పేది:
అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు వెయ్యకూడదు.
గుమ్మానికి వేపమండలు,
తలగడ పక్కన చలివిడి,
గడపలో పసుపునీళ్ళ బిందె.
"తల్లి వేడి మీద వచ్చిందే, చల్లబరచాలి."
ఆమె మొహం మీద ఆ తల్లి నడిచిన అడుగుల్ని
చిన్నప్పుడు వేలితో లెక్కపెట్టేదాన్ని.
ముప్ఫై దాటితే నాకు అంకెలు వచ్చేవి కావు.
ఆమె కంటే ముందు పుట్టిన ముగ్గురికి
లెక్కపెట్టడానికి మొహాలే మిగల్లేదు.

విచిత్రం చూడండి,
అమ్మవారికీ చలవే కావాలి,
అమ్మవారిని ఆపిన మందుకీ చలవే.

కాకినాడ ట్రైనింగులో కరుణమ్మ డాక్టరుగారు చెప్పారు:
ఐసు లేని రోజుల్లో మందుని
మనుషుల్లో పెట్టి పంపేవారట.
ఒక పిల్లాడి జబ్బ మీద గాటు పెట్టి
ఆవు పొదుగు మీది పొక్కు రసం అద్దితే
ఎనిమిదో రోజుకి ముత్యమంత పొక్కు.
దాన్ని చిదిమి ఇంకొకడికి, వాణ్ణించి మరొకడికి,
పొరుగింటి పొయ్యి నించి
నిప్పు తెచ్చుకున్నట్టు.
"అలా ఒకడు రాజమండ్రి నించి
కోరంగి రేవుకి పడవలో వచ్చే ఉంటాడమ్మా."
పేరు?
"పేరెవరు రాస్తారు. కూలీ రాసుంటారు.
రెండు కుంచాల ధాన్యం, ఒక పంచె."

అప్పట్నించి వాడు నాతోనే ఉన్నాడు.
ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా పుట్టలేదు.
గోదారి తన ఇష్టమొచ్చినట్టు వస్తోంది,
వాడు దాని మీద.
తొమ్మిదేళ్ళుంటాయనుకుంటాను. ముందుపళ్ళు కొత్తవి.
గోకకుండా కుడిచేతికి గుడ్డ చుట్టి ముడేశారు.
కోటిపల్లి దాటేసరికి దురద.
ఇంజరం మలుపులో ప్రాణం తీసే దురద.
"గోకావా, ఏట్లోకి తోస్తా" అన్నాడు సరంగు.
వాడు దవడ బిగించి
ఇసకతిప్ప మీది కొంగల్ని లెక్కపెట్టాడు.
వాడి చర్మం కింద అరబొట్టు,
కోరంగి పిల్లలందరి మొహాలూ అందులోనే.

వాణ్ణి ఎవరూ అడిగి ఉండరు.

లోపల నెత్తురు ఏం చేస్తోందో
వాడికే కాదు, అప్పుడెవరికీ తెలీదు.
ఎన్నడూ చూడని పగవాడి పోలికని
పట్టి పట్టి చూసి గుర్తుపెట్టుకుంటోంది.
నెత్తుటికి చదువు రాదు, మరుపూ రాదు.
కాగితాలకి చదువొచ్చు.

నిజం చెప్పాలంటే
వాడు మొత్తం నా ఊహే కావచ్చు.
ఒకడు దారిలోనే గోకేసి ఉంటాడు.
ఒక పడవ మునిగి ఉంటుంది.
ఎవడి పొక్కులోనో ఇంకో జబ్బు
టిక్కెట్టు లేకుండా ఎక్కి ఉంటుంది.
అదీ చెప్పారు డాక్టరుగారు, గొంతు తగ్గించి.

రేపు బుధవారం.
మట్లపాలెం నించి, పోలేకుర్రు నించి తల్లులొస్తారు,
తడి గొడుగులు గోడకానించి.
"జ్వరమొస్తాదా అండీ?"
వస్తుందమ్మా, ఒక్క రాత్రి.
సీసా మీద వలయం, వలయంలో తెల్లటి చదరం.
అది నల్లబడితే
ఎంత ఖరీదైనా పారబోయడమే.

కరెంటొచ్చింది.
ఫ్రిజ్ గొంతు సవరించుకుంది.
ఆరు.
రిజిస్టర్లో ఆరు రాశాను.
పక్కన రిమార్కుల గడి ఎప్పటిలాగే ఖాళీ.
పెన్ను కాసేపు దాని మీదే ఆగింది.

ఎడమ జబ్బ మీద నా పాత టీకా మచ్చ
ఎందుకో దురద పెడుతోంది.

గోకలేదు.