సి షిఫ్టు మంచం

రుషికొండ మీద ఈ గదికి కిటికీ లేదు.
సముద్రం ఎటుందో
ఏసీ హోరును బట్టి ఊహించుకోవాలి.
ఉన్న మెమరీ రెండువందల యాభయ్యారు జీబీ,
నేను పంచిపెట్టింది మూడువందల ఎనభై.
అప్పు చెయ్యలేదు. మాటిచ్చానంతే.

ఇరవైరెండు యంత్రాలు, ఒక్కదానికీ ఒళ్లు లేదు,
ప్రతిదానికీ ఇల్లంతా తనదేనని నమ్మకం.
అన్నీ ఒకేసారి ఆకలనవు కదా!
ఆ ధైర్యం నాకు
గాజువాకలో నూకరత్నమ్మ నేర్పింది.

పది మంచాలు. పదిహేడు మంది దగ్గర అద్దె.
"నువ్వొచ్చీసరికి ఆడు లెగిసిపోతాడు, నీకేటి బాధ?"
నేను లేనప్పుడు నా మంచం మీద పడుకునేవాణ్ణి
ఎనిమిది నెలలు చూడలేదు.
స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడని విన్నాను.
తలగడకి ఆముదం వాసన,
దుప్పట్లో ఇంకా ఆరని వేడి,
ఒకసారి మడతలో
కూర్మన్నపాలెం బస్సు టిక్కెట్టు.
నాకు తెలిసిన మనిషి అంతే.

తుఫాను నాడు బస్సులు ఆగిపోయాయి.
పదిహేడు మందిమీ ఒకే రాత్రి ఉండిపోయాం.
నూకరత్నమ్మ మంచాలన్నీ జతచేసి
మమ్మల్ని అడ్డంగా పడుకోబెట్టింది,
కాళ్లు బియ్యం బస్తాల మీద.
లాంతరు వెలుగులో ఆముదం వాసన నా పక్కకొచ్చి
"ఓహో, నువ్వేనా?" అంది.
పేరు గవరయ్య.
ఎంత సర్దినా పదహారు మందికే చాలింది.
ఆమె ఎవర్నీ పొమ్మనలేదు.
గవరయ్యే లేచి చెప్పులేసుకున్నాడు.
తెల్లారి చూస్తే వరండాలో
తడిసి ముద్దై, కూర్చునే నిద్రపోతున్నాడు.

ఇవాళ నెలాఖరు.
ఆసుపత్రి బిల్లులు, రేవులో ఓడల లెక్కలు, మూడు కంపెనీల జీతాలు
ఒక్క పెట్టున మేలుకున్నాయి.
ఒక్కోదాని కడుపులో బెలూను ఊది
కాస్త కాస్త జాగా గుంజాను.
పట్టనిది డిస్కు మీదికి తోశాను,
అక్కడ నడక నత్తది.
అయినా చాలలేదు.

వీటిలో
లేచి చెప్పులేసుకునేది ఒక్కటీ లేదు.
ఇంకాసేపు చూస్తే కెర్నెలే ఎంచుకుంటుంది,
ఎక్కువ తింటున్నదాన్ని.
అది ఆసుపత్రిదే కావచ్చు.

అందుకే శిక్షణ యంత్రాన్ని నేనే ఆపేశాను.
దాని మీద ఎవరో కుర్రాడు
సాయంత్రం నుంచి ఏదో రాసుకుంటున్నాడు.
సేవ్ చేసుకున్నాడో లేదో.
అడగలేదు.