మూడో ఆకు

కినబతంగన్ అని ఒక నది.
పలకబోతే నాలుక మెలిక పడుతుంది కదూ?
ఆ నదికీ అంతే, తిన్నగా నడవడం చేతకాదు.
బోర్నియో అడవిలో వంకర్లు తిరుగుతూ
పాలెక్కువైన టీ రంగులో పారుతుంది.

దాని ఒడ్డున, ఒక చెట్టు మీద
పెద్దముక్కు కోతుల కాపురం.
నాన్న ముక్కు వంకాయంత!
తినేటప్పుడు అడ్డొస్తే
చేత్తో పక్కకి తోసుకుంటాడు.
పిల్లాడిది ఇంకా ముక్కు కాలేదు,
పైకి తిరిగిన బుడిపె, అంతే.

పుట్టినప్పుడు వాడి మొహం నీలం,
సిరాబుడ్డి ఒలికినట్టు.
అందుకే రేవులో ఉండే మస్నా
వాడికి బిరూ అని పేరు పెట్టింది.
బిరూ అంటే వాళ్ల మాటల్లో నీలం.
నీలం వెలిసిపోయింది,
పేరు మాత్రం వదల్లేదు.

ఒకరోజు పసుపుపచ్చ యంత్రం వచ్చింది.
గుర్రు గుర్రు గుర్రు గుర్రు.
కొమ్మా కొమ్మా చేతులు కలుపుకునే చోట
కాలవ తవ్వి పోయింది.
వెనకాల అడవి పోయి
పామాయిలు తోట లేచింది.
బడి ప్రార్థనలో పిల్లల్లా వరసలు,
ఒకరి చెయ్యి ఒకరికి తగలకూడదన్నట్టు.

"ఇవీ చెట్లే కదమ్మా?"
"ఎక్కి చూడు."
ఎక్కాడు. ముళ్లు.
ఆకు నమిలాడు. పీచు.
ఎర్రపండు కొరికాడు. జిడ్డు!
ఆ రాత్రంతా పొట్టలో
గుడగుడ గుడగుడ.

ఇక మంచి ఆకులన్నీ కాలవకి అవతలే.
నాన్న దూకాడు, ధబ్!
పిన్ని దూకింది, ధబ్!
అమ్మ దూకింది, పొట్టకి చెల్లిని కరిపించుకుని.
నిన్నమొన్నటి దాకా ఆ పొట్ట బిరూది.
ఇప్పుడక్కడ ఖాళీ లేదు.

బిరూ కొమ్మ చివరికి వచ్చాడు.
కిందకి చూశాడు.
నీళ్లలో తేలే దుంగ ఒకటి
మెల్లగా కన్ను తెరిచింది.
బిరూ వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి.

అమ్మ తిరిగొచ్చింది, పాపం.
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.
సగం కుటుంబం అటు, సగం ఇటు.
చీకట్లో నాన్న ముక్కుతో పిలిచే పిలుపు
కాలవ దాటి వచ్చేది,
బిరూ మాత్రం దాటలేకపోయేవాడు.

పడవలోంచి మస్నా ఇదంతా చూసింది.
మాట్లాడకుండా వెళ్లి
లాజిమ్ మామ చొక్కా పట్టి లాగింది.
మామ అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు.
ఆయన షెడ్డులో ఒక పాత గొట్టం ఉంది,
ఎన్ని మంటలు ఆర్పిందో,
చిల్లులు పడి మూల కూర్చుంది.
దాన్ని సాగదీసి, ముడివేసి
ఇటు చెట్టుకీ అటు చెట్టుకీ కట్టారు.

"అమ్మో, కొండచిలువ!" అన్నాడు బిరూ.
దాని వంక చూడనైనా చూడలేదు.
మొదట చీమలు నడిచాయి.
తర్వాత ఒక ఉడత, తోకెత్తుకుని.
నాలుగోరోజు బిరూ దగ్గరికెళ్లి వాసన చూశాడు.
కరిచాడు. ఛీ, రబ్బరు!
పామైతే ఈపాటికి కదలాలి కదా?

తొమ్మిదోరోజు వాన.
తడి గొట్టం మీద ఒక చెయ్యి.
ఇంకో చెయ్యి.
ఊగింది.
కళ్లు మూసుకున్నాడు.
తెరిచేసరికి అమ్మ మీసాలు చెంపకి గుచ్చుకున్నాయి.

మంచిదే. కానీ గొట్టం అడవి కాదుగా!
దానికి చిగుళ్లు వెయ్యవు, నీడ పడదు.
అందుకే మస్నా, వాళ్ల నేనెక్ జురియా
ఒడ్డు వెంట మొక్కలు నాటారు.
మొదటిసారివి వరద తినేసింది.
రెండోసారివి ఏనుగులు తొక్కేశాయి.
నేనెక్ నడుం పట్టుకుని, తిట్టుకుంటూ
మూడోసారి గుంట తవ్వింది.

ఈసారి ఒకటి బతికింది.
మోకాలంత ఎత్తు. సరిగ్గా మూడాకులు.
మస్నా రోజూ లెక్కపెట్టేది,
ఒకటి, రెండు, మూడు.

ఒక పొద్దున లెక్క తప్పింది.
ఒకటి, రెండు...
"నేనెక్! మూడో ఆకు ఎవరో కోసేశారు!"
తలెత్తి చూస్తే కొమ్మ మీద బిరూ,
బుగ్గలు ఉబ్బించుకుని,
ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తూ.

మస్నాకి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది.
నేనెక్ మాత్రం నవ్వి నవ్వి
గట్టు మీద కూలబడిపోయింది.
"ఎవరి కోసం నాటావే పిల్లా?"

మస్నా ముక్కు తుడుచుకుంది.
మొక్క చుట్టూ కర్రలు పాతి, వల చుట్టింది.
"పెద్దదయ్యాక తిను," అంది బిరూతో వేలు చూపించి,
"అప్పటిదాకా నీకిక రెండాకులూ లేవు!"

బిరూ నములుతూనే ఉన్నాడు.