పద్నాలుగో నంబరు సీటు

రాత్రి పదిన్నరకి మడివాలలో
కదిరి బస్సు దగ్గర గొడవైందట.
ఒకే సీటుకి రెండు టికెట్లు.
రెండూ అసలైనవే, రెండూ నేను అమ్మినవే.
నేనంటే, నేను రాసిన నలభై వరసల కోడు.

ఒక టికెట్టు ఓబులేసుది.
పీణ్యలో వెల్డింగు పని, కళ్లల్లో ఇంకా ఆరని ఎరుపు.
ఇంకొకటి షంషాద్‌ది.
నర్సింగు రెండో ఏడాది, ఒళ్లో రికార్డు పుస్తకాలు.
ఇద్దరూ వేలు నొక్కింది ఒకే క్షణంలో.
కాదు, మూడు మిల్లీసెకన్ల తేడాతో.
ఒక్క రెప్పపాటులో అలాంటివి వంద ఇముడుతాయి.
యంత్రానికి మాత్రం అదొక తీరికైన మధ్యాహ్నం.

ఆ తీరికలోనే జరిగింది.
మొదటి పని వచ్చి అడిగింది: "పద్నాలుగు ఖాళీయేనా?"
"ఖాళీయే."
డబ్బు కోసం బ్యాంకు వైపు తిరిగి నిలబడింది.
అది మళ్లీ ఇటు తిరిగేలోపు
రెండోది వచ్చి అడిగింది: "పద్నాలుగు ఖాళీయేనా?"
"ఖాళీయే."
ఎవరూ అబద్ధమాడలేదు.
అడగడానికీ రాసుకోవడానికీ మధ్య
లోకం కాస్త పక్కకి జరిగింది, అంతే.

అన్నీ నేనే చూసుకుంటానని ఒక లైబ్రరీ ఉంది,
ఊరికే దొరికింది.
పెళ్లి వంటల మేస్త్రి లాంటిది.
వచ్చిన పనికల్లా ఒక మనిషిని పురమాయిస్తుంది,
ఎసరు మరిగేదాకా ఒకణ్ణి గోడకి చేరగిలనిచ్చి
వాడి గరిటె ఇంకొకడికిస్తుంది.
దాని ధైర్యంతో ఏడు నెలలు హాయిగా నిద్రపోయాను.
కానీ ఉప్పు ఎవరు వేశారో అది అడగదు.
ఇద్దరు వేసినా, ఎవరూ వేయకపోయినా
దాని లెక్కలో వంట అయినట్టే.

పన్నెండింటికి నన్ను లేపారు.
మారతహళ్లి గదిలో, లైటు కూడా వేయకుండా,
లాగ్ చదివాను.
రెండు పనుల మాటలూ వరస తప్పి కలిసిపోయి
ఇద్దరు ఒకేసారి ఏడుస్తూ చెప్పుకునే
ఫిర్యాదులా ఉంది.

తాళం వేశాను. భయం కొద్దీ రెండు వేశాను.
పరీక్షిస్తే మొత్తం బిగుసుకుపోయింది.
ఒకటి సీటు పట్టుకుని ఖాతా కోసం,
ఇంకొకటి ఖాతా పట్టుకుని సీటు కోసం,
నువ్వు వదులు, లేదు ముందు నువ్వు వదులు,
సాయంత్రం ఆరింటి సిల్క్ బోర్డు కూడలి.
ఎవరైనా సరే ముందు సీటు, తర్వాతే ఖాతా
అని వరస పెట్టాక కదిలింది.
అప్పటికి వీధిలో పాల ప్యాకెట్ల బండి వచ్చేసింది.

పొద్దున క్షమాపణ చెబుదామని ఫోన్ చేస్తే
క్లీనరు నరసింహులు ఎత్తాడు.
"అదా మేడం, రేత్రే తెగిపాయ.
చిక్కబళ్లాపురం దంకా ఆ పాప కూచునె.
ఆయప్ప ఇంజను పక్కన.
టీకి ఆపినప్పుడు నేనే మార్చిడిస్తి.
బాగేపల్లికాడ మళ్లా మార్చల్ల గదా,
ఆయప్ప గుర్రు పెట్టి నిద్రపోతాండె.
లేపొద్దన్నా అనె ఆ పాప.
నిలబడుకునే వచ్చె."

నా తాళానికి ముప్పై సెకన్ల గడువు.
దాటితే లోపల ఎవరున్నా లేపి బయటికి పంపుతుంది.
గడువుల గురించి లైబ్రరీ వివరణ
మూడు పేజీలుంది, బాగా రాశారు.
నిద్రపోతున్నవాడి గురించి ఏమీ లేదు.

షంషాద్‌కి టికెట్టు డబ్బు వెనక్కి వేయించాను.
రెండుసార్లు పడింది.
ఇంకెక్కడో, నేను చూడని మూలలో,
రెండు పనులు ఒకేసారి వచ్చి
"వేశారా?" అని అడిగి
"ఇంకా లేదు" అనిపించుకున్నాయి.

అది శుక్రవారం.
ఆ తప్పుని సోమవారం దిద్దాను.